నల్ల బానెట్ మీద మూడో నంబరు

ఎవరు కాల్చారు ఆ బానెట్‌ను?

సైదులు కాల్చాడట. నల్లగొండలో కార్లకు రంగులేసే తన షెడ్డుకు వచ్చిపోయే ప్రతివాడికీ అమరేందర్ సేటు చెబుతున్న మాట అదే. అబద్ధం! కాల్చింది హుకుం. పనిచేసే చెయ్యి ఒకరిది, ఎంత వేగంగా చెయ్యాలో చెప్పే నోరు ఇంకొకరిది. పని కుదిరిన నాడు ఆ నోరే ముందుకొచ్చి దండ వేయించుకుంటుంది. చెడిన నాడు చేతిని ముందుకు తోసి తాను బల్ల వెనక దాక్కుంటుంది. అమరేందర్ సేటూ, నిన్నే అంటున్నది. అప్పుడు అక్కడే నిలబడి అంతా విని, ఆ తర్వాత నోరు కుట్టేసుకున్న పెయింటర్ భిక్షాన్ని కూడా అంటున్నది. మిషను వేలంలో అమ్మేసి, ఏ నంబరు దేనికో ఒక్క తెలుగు ముక్క రాయకుండా పోయిన అమ్మకందార్లనూ అంటున్నది.

కోపం తర్వాత. ముందు సంగతి. మొదటి నుంచీ వింటున్నవాళ్లు మరోసారి వినండి. ఇవాళే వచ్చి కూచున్నవాళ్లకు ఈ నాలుగు ముక్కలు తెలిస్తే చాలు.

రామన్నపేట చుట్టుపక్కల పల్లెల్లో కాన్పు కష్టమైన ఆడమనిషికి ఒక్కటే దిక్కు, నల్లగొండలో ఉండే అరుణమ్మ డాక్టరు. కబురు అందితే చాలు, తన పాత కారు తనే నడుపుకుంటూ వస్తుంది. బండ్లబాటల్లో, వాగు ఇసకలో, తుమ్మకంపల నడుమ తిరిగీ తిరిగీ ఆ కారు రంగు లేచిపోయింది, రేకు తుప్పు పట్టింది. చలికాలం పోతూ పోతూ ఉండగా కురుమయ్య అనే పెద్దమనిషి గొర్ల మంద పక్కన కూచుని తన వాళ్లతో అన్నాడు:

"మన ఆడోళ్లను మోసిన బండి. గట్ల ఒళ్లంత పుండ్లువడి తిరుగుతుంటె సూసుకుంట ఊకుందమా?"

ఊకోలేదు. పల్లెలన్నీ కలిసి ఆ కారుకు కొత్త రంగు వేయించి డాక్టరమ్మకు అప్పజెప్పాలని మాట అనుకున్నాయి. ఏ రంగు? కురుమయ్య భుజం మీది గొంగడిని గుంజి చూపించాడు. "నలుపు. మట్టి వడ్డా కనవడది, గీత వడ్డా కనవడది."

గొంగడి విషయంలో ఆ మాట నిజమే. కారు రేకు విషయంలో పూర్తిగా తలకిందులు. నల్ల రంగు మీద వేలిముద్ర కూడా దాగదు. పల్లెలకు ఆ సంగతి తెలియదు. షెడ్డుకు తెలుసు. బేరం చెడుతుందని షెడ్డు చెప్పలేదు.

ఆ షెడ్డులో పాలిష్ మిషను పట్టేవాడు సైదులు. వాడూ గొర్లు కాసే కురుమల బిడ్డే. వాడికి ఆ కారు ఊరందరి కారు మాత్రమే కాదు. పోయిన వానాకాలం వాడి భార్య అండాలు కడుపులో బిడ్డ అడ్డం తిరిగితే, సైదులు అవ్వ, అంటే నాయనమ్మ, బక్కమ్మ తన గొంగడిలో ఆ పిల్లను చుట్టి, ఆ కారు వెనక సీట్లోనే తల ఒళ్లో పెట్టుకుని నల్లగొండ దాకా వచ్చింది. అండాలు బతికింది. బిడ్డా బతికింది. అందుకే ఈ కారు షెడ్డుకొచ్చిందని తెలియగానే బక్కమ్మ తన మగ్గం మీది నుంచి అప్పుడే దిగిన కొత్త గొంగడి ఒకటి పంపింది. "మన పిల్లను బతికిచ్చిన బండికి మన గొర్రెల ఉన్నే తగలాలె," అని చెప్పి పంపింది.

మిషను అంటే చేతిలో పట్టుకునే బరువైన యంత్రం. ముందు గిర్రున తిరిగే పళ్లెం, పళ్లేనికి తొడిగే మెత్త, వెనక వేగం మార్చే బొడిపె. బొడిపె మీద ఒకటి, రెండు, మూడు. సికింద్రాబాదు మిలిటరీ సామాన్ల వేలంలో అమరేందర్ తెచ్చాడు. వారం కింద సైదులు ఆ కొత్త గొంగడి ముక్కతో మెత్త కుట్టి, పాలిష్ ముద్ద రాసి, రెండో నంబరు మీద మొదలుపెట్టాడు. అమరేందర్ వచ్చి గడియారం చూసుకుని, "మూడు పెట్టురా, ఇంకో బండి ఒస్తాంది," అన్నాడు. సైదులు పెట్టాడు. బానెట్ మీద పొగలాంటిది లేచింది. షెడ్డంతా ఏదో కమ్మటి వాసన. మిషను ఎత్తి చూస్తే నిగనిగలాడాల్సిన నలుపు మీద బూడిద మచ్చలు, ఎండకు తిప్పితే సాలెగూళ్ల లాంటి సన్న గీతలు. బానెట్ నడుమ గట్టు మీదైతే రంగే లేచిపోయి లోపలి ఎర్ర అస్తరు పూత బయటపడింది.

ఇవాళ పల్లెలు కారు చూడ్డానికి వస్తున్నాయి. దవాఖాన పని ముగించుకుని పొద్దుగూకక ముందే డాక్టరమ్మ వస్తుంది. నడుమ ఉన్నది ఒక్క పగలు.

*

"మిషను ముట్టకు!"

సైదులు చెయ్యి మిషను పిడి మీద ఆగిపోయింది. అమరేందర్ తెల్ల చొక్కా చేతులు మడుచుకుంటూ గుమ్మంలో నిలబడి ఉన్నాడు. మనిషి చెడ్డవాడేం కాదు, తొందర మనిషి. తొందరపాటుకు బాధ్యత మాత్రం తీసుకోని మనిషి.

"హైద్రబాద్‌కెళ్లి మనిషిని పిలుస్తున్న. వాడు సూసుకుంటడు. నువ్వు ఇగ బండ్ల బాడీలు కడుగు. గది గూడ శాతగాకుంటె గొర్ల కాడికే పో."

"సేటు, ఒక్కపారి…"

"ఒక్కపారి చేసింది సూసిన గద!"

'మూడు పెట్టుమన్నది నువ్వే గద సేటు' అన్న ముక్క సైదులు నాలుక చివరిదాకా వచ్చి వెనక్కు పోయింది. వారం నుంచీ అలా వచ్చి పోతూనే ఉంది. ఎందుకంటారా? సైదులు మొదటిసారి ఈ షెడ్డు గుమ్మం తొక్కినప్పుడు వాడి ఒంటి మీద గొర్రె వాసన అని మిగతా షెడ్లవాళ్లు ముక్కు మూసుకుని తరిమారు. అమరేందర్ ఒక్కడే, "వాసనకేంది, పెట్రోలు తగిలితె అదే పోతది," అని నవ్వి లోపలికి రమ్మన్నాడు. పానా పట్టడం నేర్పాడు, మిషను పట్టడం నేర్పాడు. ఆ మేలు సైదులు గొంతులో ముద్దలా అడ్డం కూచుంది. మింగలేడు, కక్కలేడు.

మేలు చేసినవాడి ముందు నోరెత్తడం తప్పని మనకు ఉగ్గుపాలతో పోశారు. దీన్ని మించిన సంకెల ఏ జైల్లోనూ లేదు!

బస్సు ఆగిన చప్పుడు. కురుమయ్య ముందు, వెనక పదిమంది పైనే. కర్రలు, గొంగళ్లు, సద్దిమూటలు. అందరి ముఖాల్లో పెళ్లికొడుకును చూడబోయే వాళ్ల కళ. కారు చుట్టూ మూగారు. తలుపులు చూశారు, వెనక డిక్కీ చూశారు, "అబ్బ!" అనుకున్నారు. బానెట్ ముందుకొచ్చి అందరూ ఒక అడుగు వెనక్కు వేశారు.

కురుమయ్య వంగి చూశాడు. వేలు పెట్టి రుద్దాడు. కండువాతో తుడిచాడు. మచ్చ పోలేదు.

"ఇదేందిరా, మంచి పొట్టేలుకు గజ్జి లేసినట్టు!"

"మీ వాని పనే," అన్నాడు అమరేందర్, అందరికీ వినపడేట్టు. "మిషను ఆడించొస్తలేదు. కాల్చిండు. మీ మనిషే గదా అని నమ్మి పెడితి. అచ్చిరాలే."

పక్కన రంగు డబ్బా కలుపుతున్న భిక్షం పుల్ల తిప్పడం ఆపాడు. ఒక్క క్షణం. మళ్లీ తిప్పడం మొదలుపెట్టాడు.

కురుమయ్య సైదులు వైపు చూశాడు. తిట్టి ఉంటే బాగుండేది. తిట్టలేదు. "పల్లెలన్ని నమ్ముకోని ఉన్నయిరా బిడ్డ," అన్నాడంతే.

*

అందరికంటే వెనక దిగిన మనిషి బక్కమ్మ. పేరుకు తగినట్టే పిడికెడు మనిషి. భుజం మీద పాత గొంగడి, చంకలో సంచి, సంచిలో మనవడి కోసం జొన్నరొట్టెలు. ఆమె బానెట్ వైపు చూడనే లేదు. నేరుగా సైదులు దగ్గరికి వచ్చింది.

"తిన్నవారా?"

"తిన్న అవ్వా."

"అబద్దం. మొకం సూస్తెనే తెలుస్తాంది. నా గొంగడి ముక్క యాడుంది? ఎట్ల కుట్టినవో సూద్దమనొచ్చిన."

సైదులు మూలన పారేసిన మెత్త తెచ్చి ఇచ్చాడు. అది ఎండిన పిడకలా గట్టిపడి ఉంది. బక్కమ్మ దాన్ని తిప్పి చూసింది. గోటితో గీకింది. ముక్కు దగ్గర పెట్టుకుంది. ఇంకోసారి వాసన పీల్చి ముఖం చిట్లించింది.

"ఎవలన్న చింతగింజలు ఏంచిండ్రార్రా ఈడ?"

చుట్టూ ఉన్నవాళ్లు పకపకా నవ్వారు. కురుమయ్య కూడా నవ్వాడు. సైదులు మాత్రం నవ్వలేదు. ఆ రోజు షెడ్డంతా నిండిన కమ్మటి వాసన! చిన్నప్పుడు పొయ్యి దగ్గర కూచుని వేయించుకు తిన్న చింతగింజల వాసన! వారం రోజులుగా గుర్తు పట్టలేక తన్నుకుంటున్నది ఇదే!

"అవ్వా, కొత్త గొంగడికి గంజి వెట్టినవా?"

"పెట్టకపోతె గొంగడెట్లయితదిరా? చింతగింజలు ఏంచి, నానవోసి, దంచి, ఉడకేసి, నా శేతుల్తోని కుంచెతోటి రాసిన. వానకు నిలవడొద్దా?" చెబుతూ చెబుతూనే ఆమె మాట నెమ్మదించింది. గట్టిపడిన మెత్త వైపు, బానెట్ మీది మచ్చల వైపు మార్చి మార్చి చూసింది. "అయ్యో… నా గంజేనా?"

ఆమె గంజే. రెండో నంబరు మీద తిరిగినంతసేపూ ఆ గంజి గొంగడి పోగుల్లో పడుకుని ఉంది. మూడుకు పెంచగానే మెత్త కాగింది, గంజి కరిగింది, రంగును పట్టుకుని గుంజింది. గంజి లేకపోయినా మూడో నంబరు నల్ల రంగును గీసే తీరేది; గంజితో కలిసి కాల్చేసింది.

బక్కమ్మ అక్కడే నేల మీద కూలబడింది. "కొత్తది పంపితెనే మర్యాద అనుకున్న బిడ్డా. మనను బతికిచ్చిన బండికి పాతది పంపుతమా? తప్పు నాది గూడ ఉంది."

"నీదేం లేదే అవ్వా!"

"ఉంటె ఉన్నది. ఉన్నదని చెప్తె నా నోరేం పడిపోదు." ఆమె అమరేందర్ వైపు ఒక చూపు చూసింది. ఊరికే చూసింది. అమరేందర్ జేబు రుమాలుతో మెడ తుడుచుకున్నాడు.

తర్వాత ఆమె లేచి, భుజం మీది గొంగడి తీసి బండి ముందు చక్రం పైని రెక్క మీద పరిచింది. "కొయ్యి."

సైదులు వెనక్కు జరిగాడు. అది వాడికి తెలిసిన గొంగడి. గొర్రెపిల్లల తొలి కత్తెర బొచ్చుతో ఆమె పెళ్లికి నేసింది. ఎన్ని వానల్లో తడిసిందో, ఎన్ని వాగుల్లో ఉతుకులు తిన్నదో, గంజి ఆనవాలు ఎప్పుడో పోయి చెవితమ్మెలా మెత్తబడింది. వాడు పుట్టినప్పుడు దానిలోనే పడుకున్నాడు. అండాలును చుట్టి ఈ కారెక్కించింది కూడా దానిలోనే.

"అవ్వా, గిది వద్దే."

"ఎందుకు వద్దు? ఈ బండి మన పిల్లను మోసినప్పుడు నా గొంగడి లోపల్నే ఉండె. బండికి గొంగడి తెల్సు, గొంగడికి బండి తెల్సు. కొత్త సుట్టరికమా?"

"సలికి ఏం కప్పుకుంటవ్?"

"నిన్ను కప్పుకుంట! మాట్లాడకుండ కొయ్యిరా."

వాడి చేతులు కదలకపోయేసరికి, ఆమే సంచిలోంచి గొర్రెల కత్తెర తీసింది. ఒక అంచు నుంచి, మిషను పళ్లెం కొలతకు గుండ్రంగా, ఒక్క వంకర లేకుండా కోసింది. మిగిలిన గొంగడిని మళ్లీ భుజాన వేసుకుంది. దానికి ఇప్పుడు ఒక మూల చంద్రవంకంత లోటు. "గాలి ఆడుతది," అంది.

సైదులు ఆ ముక్కను రెండు చేతులతో అందుకున్నాడు. ఏడుపు వచ్చింది, ఆపుకోలేదు. దాచుకోవాల్సిన ఏడుపు కాదది.

పాత గొంగడిలో ఇసకుంటుంది. నల్ల రంగు మీద ఒక్క ఇసక రేణువు చాలు. కుంకుడుకాయ నురగలో ఆ ముక్కను పిసికి పిసికి, నీళ్లు తేటగా వచ్చేదాకా జాడించి, షెడ్డు రేకు మీద ఎండేశాడు. ఎర్రటి ఎండ. రేకు మీద చెయ్యి పెడితే చురుక్కుమంటుంది. పల్లెవాళ్లు సద్దిమూటలు విప్పి తిన్నారు. బక్కమ్మ రొట్టె తుంచి సైదులు నోట్లో పెట్టింది. నీళ్ల కుండ తెచ్చి వాళ్ల ముందు పెట్టినవాడు భిక్షం. ఎవరూ అడగలేదు, వాడే తెచ్చాడు. ఆ రుణం కూడా లెక్కలో ఉంచుదాం.

*

మెత్త ఎండింది. సైదులు కుట్టి పళ్లేనికి తొడిగాడు. అమరేందర్ గోడ మీది స్విచ్చికి అడ్డంగా వచ్చి నిలబడ్డాడు.

"నేనేం చెప్పిన? మిషను ముట్టొద్దన్న. మళ్ల ఖరాబైతె?"

కురుమయ్య కర్ర ఊతంగా లేచాడు. "సేటు, మిషను నీది. కాదన్నదెవలు? బండి మాది. డాక్టరమ్మ శేతికి తాళం ఇచ్చెదాంక మాదే. మా బండిని మా పిల్లగాడే రుద్దుతడు."

"ఖరాబైతె నాకు సంబంధం లేదు!"

"మొన్న అయినప్పుడు ఉండెనా?" అంది బక్కమ్మ, రొట్టె ముక్క నోట్లో వేసుకుంటూ.

పల్లె మళ్లీ నవ్వింది. అమరేందర్ పక్కకు జరిగాడు. జరుగుతూ, అలవాటు కొద్దీ అన్నాడు: "సరే, తొందరగ కానియ్యి. మూడు పెట్టు."

సైదులు అమరేందర్ ముఖంలోకి చూసి, బొడిపెను ఒకటి మీదికి తిప్పాడు.

బానెట్ జోలికి వెంటనే పోలేదు. వెనక తలుపు కింద, ఎవరి కంటా పడని జానెడు చోటు ఎంచుకున్నాడు. ఒకటి మీద పాలిష్ ముద్దను నెమ్మదిగా పరిచాడు. రెండుకు పెంచి, చెయ్యి బరువు మోపి, చాళ్లు తోలినట్టు అటు ఒకసారి ఇటు ఒకసారి రుద్దాడు. మళ్లీ ఒకటికి దించి, చెయ్యి బరువంతా తీసేసి, మిషను తన బరువుతో తానే రంగు మీద తేలిపోయేట్టు పట్టుకున్నాడు. తుడిచి, బండిని ఎండలోకి తోయించాడు. కురుమయ్య గొంతుకూచుని చూశాడు. సాలెగూడు లేదు. మచ్చ లేదు. తన మీసాల్లో తెల్లవెంట్రుకలు కనిపించాయి.

"మరి మూడు దేనికుందిరా?" అడిగాడు కురుమయ్య.

"లేత రంగులుంటయి గదనే, తెల్లవి, పసుపువి. గట్టి పూతయితె జర సేపు ఓర్సుకుంటయి. నలుపు ఓర్సుకోదు. కాగుతది, కాగితె గీతలు వట్టుకుంటది. ఎంత నల్లగుంటె గంత నిమ్మళంగ పోవాలె. సివరికి ఇంకింత నిమ్మళంగ."

"గొర్రె కడుపు కాడ కత్తెర వట్టినట్టన్న మాట."

సైదులు తలెత్తాడు. సరిగ్గా అదే! వీపు మీద కత్తెర చకచకా పోతుంది. కడుపు కింద, మెడ మడతల్లో, అలా పోతే తోలు తెగుతుంది; వేలితో తోలు సాగదీసి ఆగి ఆగి కత్తిరించాలి. కన్నతండ్రి, బాపు, చెయ్యి మీద చెయ్యి వేసి నేర్పిన పని. బానెట్ వెడల్పు వీపు అయితే, అంచులూ గట్టులూ కడుపు. అక్కడ రెండు కూడా ఎక్కువే. ఒకటే పెట్టాలి, గట్టు మీద పళ్లెం ఆనకుండా పక్క నుంచి జారిపోవాలి. ఇంత కాలం మిషను వేరు, మంద వేరు అనుకున్నాడు. తనకు నేర్పినవాళ్ల వరుసలో అమరేందర్ వెనక బాపు కూడా నిలబడి ఉన్నాడని ఇప్పుడు తెలిసింది.

బానెట్ మీద పని మొదలైంది. మిషను పాడే పాట మారింది. మూడో నంబరు మీద అది కేకలు పెడుతుంది. ఒకటి మీద తేనెటీగలా ఝుమ్మంటుంది. సైదులు మధ్య మధ్య మిషను ఎత్తి, అరచెయ్యి రేకు మీద ఆనించి వేడి చూసుకున్నాడు. వేడి తగిలితే ఆగాడు. ఆగినప్పుడల్లా అమరేందర్ గడియారం చూశాడు. ఆగినప్పుడల్లా బక్కమ్మ, "ఆగు బిడ్డా, ఆగు, పొద్దేం పరుగెత్తుతలేదు," అంది. మచ్చలు ఒక్కొక్కటే పలచబడ్డాయి. పాత గొంగడి రేకు మీద అమ్మ చెయ్యిలా తిరిగింది. నీడ షెడ్డు గోడ ఎక్కేసరికి, నల్లగొండ గుట్ట వచ్చి బానెట్‌లో తలకిందులుగా కూచుంది, రాయి రాయీ లెక్కపెట్టేంత తేటగా.

"దండాలు తల్లీ," అని బక్కమ్మ బండికి మొక్కింది. కురుమయ్య సైదులు వీపు మీద చరిచాడు. ఆ దెబ్బకు సైదులు రెండడుగులు ముందుకు పడ్డాడు. వాడు నవ్వుతూ మిషను ఆపి, మెత్తను ఊడదీసి, కళ్లకు అద్దుకున్నాడు.

ఒక్కటి మాత్రం పోలేదు. బానెట్ నడుమ గట్టు మీద వేలెడు పొడుగు ఎర్ర గీత. లేచిపోయిన రంగును ఏ నంబరూ తిరిగి తేలేదు. దాని మీద నల్ల మైనం పూసి దాచమని అమరేందర్ చెవిలో చెప్పాడు. సైదులు పూయలేదు.

*

అరుణమ్మ డాక్టరు రిక్షా దిగింది. చీర కొంగు నడుముకు చుట్టి ఉంది, కళ్ల కింద నిద్రలేమి. కారు చుట్టూ ఒకసారి నడిచింది.

"నాకెందుకయ్యా ఇంత సోకు? రేపు మీ బాటలో ఒక్కసారి తిరిగితే చాలు, దుమ్ము!" అంది. అంటూ అంటూనే తల తిప్పుకుని కళ్లద్దాలు తుడుచుకుంది.

"దుమ్ము వడితె తుడ్సుకోవచ్చమ్మా," అన్నాడు కురుమయ్య. "నలుపుల దాగుతదనుకున్నం. దాగదంట. మాకు తెల్వక చెప్పినం. గని పల్లెల పానం దీంట్ల ఉన్నది."

ఆమె బానెట్ మీద చెయ్యి వేసింది. వేళ్లు నడుమ గట్టు దగ్గర ఆగాయి. "ఇదేంది?"

ఎవరూ మాట్లాడకముందే అమరేందర్ ముందుకొచ్చాడు. "జర పొరపాటమ్మా. ఈ పోరడు నేనెంత చెప్పినా వినక మూడో నంబరు పెట్టిండు. కాల్చిండు. నేను మళ్ల దగ్గరుండి చేపిచ్చిన."

కాల్చినప్పుడు సైదులు, బాగుచేసినప్పుడు అమరేందర్!

అరుణమ్మ సైదులు వైపు చూసింది. "అండాలు భర్తవు కదూ నువ్వు? నీ భార్య కడుపు మీద నేను కోసి కుట్టిన గీత ఉంది. దాన్ని చూసి నువ్వేమన్నా అసహ్యపడ్డావా?"

"లేదమ్మా. దండం వెట్టుకుంట."

"ఈ గీతా ఉండనీ. నాకేం అడ్డం లేదు. కానీ ఎందుకు పడ్డదో తెలవాలె. రోగం దాచిపెడితే మళ్లా వస్తది. నువ్వు చెప్పు, ఎవరు పెట్టమన్నరు మూడు?"

సైదులు గొంతులో ఆ పాత ముద్ద కదిలింది. పెట్రోలు తగిలితే వాసన అదే పోతుందని నవ్విన ముఖం కళ్ల ముందుకొచ్చింది. పానా పట్టించిన చెయ్యి గుర్తొచ్చింది. భుజం మీద గొంగడికి మూల లేకుండా నిలబడిన అవ్వ కనిపించింది. ఆమె మేలు చేసింది, తప్పూ ఒప్పుకుంది. రెండూ ఒకే నోటితో చేసింది. ఆమె మేలు తరిగిందా? మరింత పెరిగింది!

ముద్ద కరిగింది.

కురుమయ్య తాళంచెవిని డాక్టరమ్మ ముందుకు చాపి ఉన్నాడు. ఆమె చెయ్యి చాపలేదు. మూలన భిక్షం రంగు డబ్బా కింద పెట్టి, చేతులు గుడ్డకు తుడుచుకుని, ఒక్కొక్క అడుగే వేసుకుంటూ వచ్చి సైదులు పక్కన నిలబడ్డాడు. అమరేందర్ చూపు భిక్షం మీద పడింది, అక్కడి నుంచి గోడ మీది స్విచ్చి మీదికి పోయింది, అక్కడి నుంచి గుమ్మం మీదికి పోయింది. గుమ్మం నిండా పల్లె ఉంది.

"సేటు," అన్నాడు సైదులు. "అందరు నన్ను ఎల్లగొట్టిన్నాడు నువ్వు లోపలికి రమ్మన్నవ్. పని నేర్పినవ్. నా పిల్ల తినే బువ్వల నీ మేలున్నది. మరువ. సచ్చెదాంక మరువ. గందుకే ఇంకొకల నోటెంట రావద్దని అడుగుతున్న, నీ నోటెంటనే రావాలె. మొన్న మూడు పెట్టుమన్నది ఎవలో చెప్పు. ఇగ మీదికెళ్లి మిషను ఎవల చేతుల ఉంటదో నంబరు వాని మాటే ఉంటదని చెప్పు. రేపు గాదు. గిప్పుడు. డాక్టరమ్మ గీ తాళం వట్టకముందే చెప్పు!"